వార్తలో కలిసిపోయిన మూడు ప్రశ్నలు: విజ్ఞానం, మతం, నీతిపై సంశయవాది చూపు

ఈ వ్యాసం చదవడానికి మీకు సైన్సు నేపథ్యం అవసరం లేదు. రోజూ వార్తాపత్రిక చదివే అలవాటు ఉంటే చాలు. విజ్ఞానశాస్త్రం, మతం, నీతి ఈ మూడూ ఒకే వార్తలో పెనవేసుకుని వచ్చినప్పుడు సంశయవాది దాన్ని ఎలా చదువుతాడు, ఎక్కడ నిలదీస్తాడు, ఎక్కడ ఊరుకుంటాడు అన్నది ఇక్కడ మన విషయం.

సంశయవాది అంటే ఎవరు?

తెలుగులో నాస్తికుడు, హేతువాది, సంశయవాది అనే మాటలను ఒకదానికి బదులు ఒకటిగా వాడేస్తుంటాం. వీటి మధ్య తేడా ఉంది. నాస్తికుడు దేవుడు లేడంటాడు. హేతువాది ఏ విషయంలోనైనా హేతువే ప్రమాణమంటాడు. సంశయవాది అనేది అంతకన్నా చిన్న మాట: ‘మీరు చెబుతున్నది నిజం కావచ్చు, కాకపోవచ్చు. తెలుసుకునే దారి ఏమిటి?’ ఒకే మనిషిలో ఈ మూడూ ఉండవచ్చు, ఉండకపోవచ్చు. దైవభక్తి గల వైద్యుడు కొత్త మందు విషయంలో గట్టి సంశయవాది కాగలడు. నిత్యం దీపం పెట్టే గృహిణి కూరగాయల బండి దగ్గర కాటా ముల్లును చూసే తీరు గమనించండి. ఆ క్షణంలో ఆమెను మించిన సంశయవాది లేదు.

ఏదైనా ఒక అద్భుతం గురించో, ఒక వింత మందు గురించో వార్త వచ్చినప్పుడు అందులో సాధారణంగా మూడు ప్రశ్నలు ఉంటాయి. చెప్పినట్లుగా జరిగిందా, జరిగితే కారణం ఏమిటి? ఇది పరీక్షకు లొంగే ప్రశ్న. దాన్ని నమ్మినవారికి అది ఏమిస్తోంది, వారి జీవితంలో దాని అర్థమేమిటి? ఇది విశ్వాసానికి సంబంధించినది. దానివల్ల ఎవరికైనా హాని ఉందా, ఉంటే ఎవరు ఏం చేయాలి? ఇది నీతికి, కొన్నిసార్లు చట్టానికి సంబంధించినది. చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఒక ప్రశ్నకు వచ్చిన జవాబును ఇంకో ప్రశ్నకు జవాబుగా చెలామణీ చేసినప్పుడు. ‘లక్షల మంది నమ్ముతున్నారు కాబట్టి పనిచేస్తుంది’ అనడం అలాంటిదే. ‘శాస్త్రీయ ఆధారం లేదు కాబట్టి నమ్మేవాళ్ళు మూర్ఖులు’ అనడం కూడా అలాంటిదే. రెండోది తమవైపు నుంచి వచ్చే మాట కాబట్టి సంశయవాదులు దాన్ని తరచుగా గమనించరు.

తేలికైన ఉదాహరణ: పాలు తాగిన విగ్రహం

1995 సెప్టెంబరు 21 తెల్లవారుజామున ఢిల్లీలో ఒక ఆలయంలో వినాయకుడి విగ్రహం చెంచాతో పట్టిన పాలు తాగిందన్న మాట పుట్టింది. ఫోన్ల ద్వారా అది కొన్ని గంటల్లోనే దేశమంతా పాకింది. లండన్‌లోని సౌత్‌హాల్ వంటి చోట్ల ఉన్న ఆలయాలకూ చేరింది. గుళ్ళ ముందు బారులు తీరారు, పాలకు కొరత వచ్చింది.

అదే రోజు జాతీయ విజ్ఞాన ప్రచార మండలికి చెందిన శాస్త్రజ్ఞులు పాలలో ఎర్ర రంగు కలిపి విగ్రహానికి పట్టి చూశారు. చెంచాలోంచి మాయమైన పాలు విగ్రహం ముందుభాగం మీదుగా పలుచని ఎర్రటి పొరలా కిందికి జారడం కనిపించింది. కారణం తలతన్యత. నిండు చెంచా అంచున పాలు కొద్దిగా ఉబ్బి నిలుస్తాయి. ఆ ఉబ్బు తడి రాయిని తాకగానే రాయి ఉపరితలం పాలను లాగుతుంది. అక్కడి నుంచి గురుత్వాకర్షణ కిందికి దించుతుంది. పాలపొర మరీ పలుచన, పైగా చాలా విగ్రహాలు తెల్ల పాలరాతివి. అందుకే కారుతున్నది కంటికి ఆనలేదు.

దీన్ని మీరు ఇంట్లోనే చూడవచ్చు. రుబ్బురోలు పొత్రాన్ని కడిగి తడిగా ఉంచండి. చెంచా నిండా పాలు పోసి, అంచును పొత్రానికి ఆనించి, చెయ్యి కదపకుండా కొద్దిగా వంచండి. పొత్రం కూడా పాలు ‘తాగుతుంది’.

ఈ ఉదాహరణ తేలిక అనడానికి కారణం ఉంది. ఇక్కడ మొదటి ప్రశ్నకు జవాబు ఒక్క పూటలో దొరికింది, హాని పెద్దగా లేదు. ఆ రోజు గుడికి వెళ్ళినవారు ఇంట్లో ఉన్న మందులేవీ మానేయలేదు. భక్తుడు మరునాడు కూడా భక్తుడిగానే ఉన్నాడు, ఉండవచ్చు కూడా. వినాయకుడి మీద భక్తి ఆయన పాలు తాగుతాడా లేదా అన్నదాని మీద ఏనాడూ ఆధారపడి లేదు. ఇప్పుడు ఇంత తేలిక కాని విషయానికి వద్దాం.

చేప మందు, చేప ప్రసాదం

మృగశిర కార్తె ప్రవేశించే జూన్ మొదటి వారం చివర్లో హైదరాబాద్‌లో జరిగే చేప ప్రసాదం పంపిణీ గురించి మీరు వినే ఉంటారు. ఆ రోజు చేప తినడం తెలంగాణ ఇళ్ళలో ఎలాగూ ఆనవాయితీ. కానీ ఇది కూరగా తినే చేప కాదు. బత్తిని వంశీయులు పసుపు రంగు ముద్ద ఒకదాన్ని వేలెడంత బతికి ఉన్న కొర్రమీను నోట్లో పెట్టి, ఆ చేపను ఉబ్బసం రోగి గొంతులో వేస్తారు. రోగి దాన్ని అలాగే మింగాలి. శాకాహారులకు ముద్దను బెల్లంలో పెట్టి ఇస్తారు. ఆ తర్వాత 45 రోజులు పథ్యం. ఇలా వరుసగా 3 సంవత్సరాలు తీసుకోవాలంటారు. 1845లో ఒక సాధువు తమ పూర్వీకుడికి ఈ మందు రహస్యం చెప్పాడని, డబ్బు తీసుకోకూడదని షరతు పెట్టాడని ఆ కుటుంబం చెబుతుంది. ఆ మాట ప్రకారమే ఉచితంగా ఇస్తున్నారు. ఒకప్పుడు పాతబస్తీలోని దూద్‌బౌలిలో ఇచ్చేవారు, తర్వాత నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి మారింది. కరోనా వల్ల 2020 నుంచి 2022 వరకు ఆగి, 2023లో మళ్ళీ మొదలైంది. దేశం నలుమూలల నుంచి రోగులు వస్తారు. ప్రభుత్వం పోలీసు బందోబస్తు, బస్సులు ఏర్పాటు చేస్తుంది. చేప పిల్లలను మత్స్యశాఖ సమకూరుస్తుంది.

పాత పేరు ‘చేప మందు’. జన విజ్ఞాన వేదిక వంటి సంస్థలు, కొందరు వైద్యులు ‘మందు అయితే ఆధారం చూపండి’ అని ప్రశ్నించి, విషయం కోర్టుల దాకా వెళ్ళాక అది ‘చేప ప్రసాదం’గా స్థిరపడింది. ఈ పేరు మార్పు దగ్గర కాస్త ఆగండి. మందు అన్నప్పుడు అది మొదటి ప్రశ్న పరిధిలోకి వస్తుంది: పనిచేస్తుందా? ప్రసాదం అన్నప్పుడు రెండో ప్రశ్న పరిధిలోకి జరుగుతుంది. ప్రసాదాన్ని ఎవరూ ప్రయోగశాలకు పంపరు, పంపనక్కర్లేదు కూడా. అయితే ఆ మైదానంలో క్యూలో నిలబడిన తల్లి బిడ్డను ఎత్తుకుని వచ్చింది ప్రసాదం కోసమా, ఉబ్బసం తగ్గడం కోసమా? పేరు మారింది, ఆమె ఆశ మారలేదు. సంశయవాది పట్టుకునేది ఈ ముడినే.

‘నాకు తగ్గింది’ అన్న మాట విలువ

చేప ప్రసాదాన్ని సమర్థించేవారి బలమైన వాదన ఒకటే: తగ్గిందని వేలమంది చెబుతున్నారు, వాళ్ళంతా అబద్ధాలాడుతున్నారా? లేదు. ఎక్కువమంది నిజమే చెబుతున్నారని అనుకుందాం. సంశయవాది పని వారిని అబద్ధీకులుగా చూపడం కాదు. నిజాయితీగా చెప్పిన మాట కూడా మందు పనిచేసిందనడానికి ఎందుకు రుజువు కాలేదో అర్థం చేసుకోవడం.

ముందు జబ్బు సంగతి. ఉబ్బసంలో శ్వాసనాళాల లోపలి పొర వాచి ఉంటుంది, చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి, కళ్ళె పేరుకుంటుంది. గాలి పోయే దారి ఇరుకవుతుంది. సాల్బుటమాల్ వంటి మందు పీల్చితే బిగుసుకున్న కండరాలు నిమిషాల్లో వదులవుతాయి. కానీ వాపు అలాగే ఉంటుంది. దాన్ని తగ్గించేది పీల్చే స్టిరాయిడ్. అది నిదానంగా, వారాల మీద పనిచేస్తుంది, మానేసినా ప్రభావం వెంటనే పోదు. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వద్దాం.

ఉబ్బసం ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. పెరుగుతుంది, తగ్గుతుంది. మనిషి దూరాభారమైనా చికిత్సకు బయలుదేరేది ఎప్పుడు? బాగా ముదిరినప్పుడు. ముదిరిన తర్వాత ఏమీ చేయకపోయినా చాలామందికి కొంత తగ్గుతుంది. మధ్యలో చేసిన పనికి ఆ పేరు దక్కుతుంది. దీనికి తోడు 45 రోజుల పథ్యం ఉంది. ఆ రోజుల్లో రోగి తన ఒంటి మీద శ్రద్ధ పెడతాడు, పడని వాటికి దూరంగా ఉంటాడు. ఇక తగ్గనివారు మరుసటి ఏడాది రారు, వారి మాట మైదానంలో వినబడదు. మూడేళ్ళు పూర్తి చేయనివారికి ‘మధ్యలో మానేశారు’ అనే సమాధానం సిద్ధంగా ఉంటుంది. తగ్గితే మందు గొప్ప, తగ్గకపోతే రోగి లోపం. ఎటు పడినా ఓడిపోని పందెం ఇది. అలాంటి పందెంలో గెలుపుకూ విలువ ఉండదు.

ఇవన్నీ ఊహలేగా అని మీరు అడగవచ్చు. అడగాలి. అందుకే ఒక ప్రయోగం చూద్దాం. 2011లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం వచ్చింది. చేపకూ దానికీ సంబంధం లేదు, మన ప్రశ్నకు మాత్రం నేరుగా సంబంధం ఉంది. 46 మంది ఉబ్బసం రోగులను తీసుకున్నారు. వారిలో 39 మంది చివరిదాకా ఉన్నారు. ఒక్కొక్కరికీ వేర్వేరు రోజుల్లో నాలుగు రకాలుగా చేశారు: అసలు మందు ఉన్న ఇన్‌హేలర్, మందు లేని ఉత్త ఇన్‌హేలర్, సూదులు గుచ్చినట్లు నటించే ఉత్తుత్తి ఆక్యుపంక్చర్, ఏమీ చేయకుండా ఊరికే కూర్చోబెట్టడం. రెండు ఇన్‌హేలర్లలో ఏది అసలుదో రోగికీ తెలియదు, ఇచ్చేవారికీ తెలియదు. ప్రతిసారీ రెండు కొలతలు తీసుకున్నారు. ఒకటి, రోగి మొదటి సెకనులో బలంగా ఎంత గాలి వదలగలిగాడో యంత్రంతో కొలవడం. రెండోది, ‘మీకు ఎంత నయంగా అనిపిస్తోంది?’ అని అడగడం.

యంత్రం ఇలా చెప్పింది: అసలు మందుతో గాలి ప్రవాహం సుమారు 20 శాతం పెరిగింది. మిగతా మూడింటితో, ఊరికే కూర్చున్నప్పటితో సహా, సుమారు 7 శాతం. అంటే ఉత్త ఇన్‌హేలర్‌కూ ఏమీ చేయకపోవడానికీ ఊపిరితిత్తులకు తేడా తెలియలేదు. రోగులు వేరే కథ చెప్పారు. అసలు మందుతో 50 శాతం మెరుగుదల కనిపించిందన్నారు, ఉత్త ఇన్‌హేలర్‌తో 45 శాతం, ఉత్తుత్తి సూదులతో 46 శాతం, ఊరికే కూర్చున్నప్పుడు 21 శాతం.

ఈ అంకెలను మరోసారి చదవండి. రోగికి కలిగిన ఉపశమనం అబద్ధం కాదు. శ్రద్ధగా ఎవరో ఏదో చేశారన్న భావనతో ఆయాసం బాధ నిజంగానే తగ్గింది. కానీ గాలి గొట్టాలు తెరుచుకోలేదు. సుఖంగా అనిపించడం, ఊపిరితిత్తి బాగుపడడం ఒకటి కాకపోవచ్చునన్నది ఈ ప్రయోగం చూపిన సంగతి. ఉబ్బసంలో ఈ తేడా ప్రాణాల మీదికి రాగలదు. దారి ఇరుకుగా ఉన్నా బాగానే ఉందనుకునే రోగి ఆసుపత్రికి ఆలస్యంగా వెళతాడు.

ఇప్పుడు ఇందాక గుర్తుంచుకోమన్న మాట. ఒక రోగి రోజూ స్టిరాయిడ్ ఇన్‌హేలర్ వాడుతున్నాడనుకుందాం. చేప మింగాక దాన్ని మానేశాడు. పాత మందు ప్రభావం కొన్నాళ్ళు నిలుస్తుంది కాబట్టి వెంటనే ఏమీ కాదు. ‘చూశారా, ఇన్‌హేలర్ లేకుండానే బాగున్నాను’ అంటాడు. ఆ కొన్నాళ్ళలో వాపు నిదానంగా తిరిగి పెరుగుతుంటుంది. తర్వాత ఒక రాత్రి ఆయాసం ముంచుకొస్తే, దాన్ని ఎప్పుడో మానేసిన ఇన్‌హేలర్‌తో ముడిపెట్టేవారు ఉండరు. వానాకాలం, చల్లగాలి, పథ్యం తప్పడం, ఏదో ఒకటి దొరుకుతుంది.

ఇక్కడ తరచుగా వినబడే అభ్యంతరం ఒకటుంది: సూత్రం రహస్యం కాబట్టి పరీక్షించడం కుదరదని. ఇది సరికాదు. పనిచేస్తుందో లేదో తెలుసుకోవడానికి ముద్దలో ఏముందో తెలియనక్కర్లేదు. ఒప్పుకున్న పెద్దవాళ్ళను చీటీలు తీసినట్లు రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు అసలు ముద్ద, ఇంకో జట్టుకు అలాంటి రంగూ రుచీ ఉన్న ఉత్త ముద్ద ఇచ్చి, ఎవరికి ఏది దక్కిందో చివరిదాకా ఎవరికీ తెలియకుండా ఉంచి, ఇద్దరి చేతా ఇన్‌హేలర్లు కొనసాగింపజేస్తూ, నెలల తరబడి గాలి ప్రవాహం కొలిస్తే చాలు. రహస్యం రహస్యంగానే ఉంటుంది. సురక్షితమా కాదా తేల్చాలంటే మాత్రం లోపల ఏముందో తెలియాలి. అది వేరే ప్రశ్న, దాన్ని దీనితో కలపకూడదు.

ఉచితమైతే నీతి ప్రశ్న ఉండదా?

డబ్బు తీసుకోవడం లేదు కదా, బలవంతం లేదు కదా, ఇంకేం హాని అంటారు. ఉచితం కావడం ఒక విషయాన్ని నిజంగానే తేలుస్తుంది: ఇచ్చేవారు రోగుల జేబులు కొట్టడానికి ఇవ్వడం లేదు. వారి నిజాయితీని అనుమానించాల్సిన పని లేదు. కానీ నిజాయితీ ఇచ్చేవారి గుణం, మందు గుణం కాదు.

పెద్దవాడు తన ఇష్టంతో తన గొంతులో చేప వేయించుకుంటే, నా దృష్టిలో అది అతని స్వేచ్ఛ. ముక్కు మూసి నోరు తెరిపించి ఏడుస్తున్న పిల్లవాడి గొంతులో వేయడం మాత్రం అతని స్వేచ్ఛ కాదు, అతని తల్లిదండ్రుల నమ్మకం. ఇక్కడ పట్టింపు ఎక్కువ ఉండాలి. రాజ్యాంగం 25వ అధికరణ మతస్వేచ్ఛను ఇస్తూనే దాన్ని ప్రజాశాంతికి, నైతికతకు, ఆరోగ్యానికి లోబరచింది. ‘ఆరోగ్యం’ అనే మాట అక్కడ ఊరికే పడలేదు. 1976లో 42వ సవరణ ద్వారా చేరిన 51ఎ అధికరణ (హెచ్) ఖండం శాస్త్రీయ దృక్పథాన్ని, మానవతావాదాన్ని, పరిశీలనా స్ఫూర్తిని పెంపొందించుకోవడం పౌరుల ప్రాథమిక విధి అంటుంది. మానవతావాదం ఆ వాక్యంలోనే పక్కపక్కన ఉంది. సంశయవాదులు ‘శాస్త్రీయ దృక్పథం’ దగ్గర ఆగిపోయి దాన్ని వదిలేస్తుంటారు.

ప్రభుత్వం ఏం చేయాలి? వేలమంది చేరే చోట బందోబస్తు, తాగునీరు, వైద్య శిబిరం ఏర్పాటు చేయడం దాని బాధ్యత. ఏ జాతరకైనా చేస్తుంది. కానీ రోగి కళ్ళకు బందోబస్తు ఆమోదముద్రలా కనిపిస్తుంది. ఈ రెంటినీ విడదీయడం కష్టమేమీ కాదు. అదే మైదానంలో, అదే క్యూ పక్కన, ‘మీ ఇన్‌హేలర్ మానవద్దు’ అని నాలుగు భాషల్లో పెద్ద బోర్డు పెట్టవచ్చు. దానివల్ల ఎవరి విశ్వాసానికీ నొప్పి లేదు, క్యూలో ఒక్కరూ తగ్గరు.

తెల్లకోటు వేసుకున్న నమ్మకం

సంశయం ఒకవైపే తిరిగితే అది సంశయం కాదు, పక్షపాతం. 2021 మే నెలలో మనకు దగ్గరలోనే జరిగిన రెండు సంగతులను పక్కపక్కన పెట్టి చూడండి.

నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య ఇచ్చే మూలికా మందు కరోనాను తగ్గిస్తుందన్న వార్తతో జనం వెల్లువెత్తారు. మే 21న గుంపును అదుపు చేయలేక పంపిణీ ఆగింది. ఆయుర్వేద పరిశోధనా సంస్థలు పరిశీలించాక, కంట్లో వేసే చుక్కలు తప్ప మిగతా రకాలకు రాష్ట్ర ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. హాని కనబడలేదని, అయితే కరోనా తగ్గుతుందనడానికి ఆధారం లేదని, వైద్యులు రాసిన మందులు మానవద్దని చెప్పింది. ఈ మాటల్లో మొదటి ముక్కే జనంలోకి వెళ్ళింది. ‘హాని లేదు’ అన్నది ‘పనిచేస్తుంది’గా మారడానికి ఒక రోజు పట్టలేదు.

సరిగ్గా అదే వారంలో, మే 17న, భారత వైద్య పరిశోధన మండలి కరోనా చికిత్స మార్గదర్శకాల నుంచి ప్లాస్మా చికిత్సను తొలగించింది. ప్లాస్మా వల్ల జబ్బు ముదరడం గానీ మరణాలు గానీ తగ్గలేదని అదే మండలి దేశంలోని 39 ఆసుపత్రుల్లో 464 మందిపై చేసిన ప్రయోగం 2020 అక్టోబరులోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. మధ్యలో ఏడు నెలలు ఏం జరిగింది? కోలుకున్నవారి ప్లాస్మా కోసం కుటుంబాలు ఊళ్ళు తిరిగాయి, ఫోన్లలో వేడుకున్నాయి. పెద్ద ఆసుపత్రుల్లో, డిగ్రీలున్న వైద్యుల చేతుల మీదుగా, ఆధారం లేదని తెలిసిన చికిత్స సాగింది. కృష్ణపట్నం క్యూను చూసి నవ్వినవారిలో ఎంతమంది ఈ క్యూను గుర్తించారు?

తేడా లేదని కాదు. ఉంది, అది ముఖ్యమైనది కూడా. ప్లాస్మా విషయంలో ప్రయోగం చేసే ఏర్పాటు ఉంది, తమకే వ్యతిరేకంగా వచ్చిన ఫలితాన్ని అచ్చువేసే పద్ధతి ఉంది, ఆలస్యంగానైనా వెనక్కి తీసుకున్నారు. విజ్ఞానశాస్త్రం మీద మనం పెట్టుకోదగిన నమ్మకం ఈ ఏర్పాటు మీదే. తెల్లకోటు మీద కాదు.

ఆలోచించండి: ‘శాస్త్రవేత్తలు కనుగొన్నారు’ అని మొదలయ్యే వార్త ఒకటి ఇటీవల మీరు చదివే ఉంటారు. అందులో ఎంతమందిపై ప్రయోగించారో, దేనితో పోల్చారో ఉందా?

సంశయవాది హద్దు

ఇక చివరి ఉదాహరణలో సంశయవాదినే పరీక్షకు నిలబెడదాం. 2012 మార్చిలో ముంబయి విలే పార్లే ప్రాంతంలోని వేలాంకణ్ణి మాత చర్చి దగ్గర శిలువ మీది క్రీస్తు పాదాల నుంచి నీరు కారుతోందని జనం చేరారు. ఆ నీటిని సీసాల్లో పట్టుకుని తాగినవారూ ఉన్నారు. హేతువాద సంఘ నాయకుడు సనల్ ఎడమరుకు వెళ్ళి చూసి, దగ్గరలోని మరుగుదొడ్డి కాలువ పూడుకుపోయి ఉందని, ఆ నీరు గోడలోకి ఇంకి, కేశనాళికీయత వల్ల పైకి పాకి శిలువ దగ్గర కారుతోందని చెప్పారు. వత్తి నూనెను పైకి లాగినట్లే. ఇక్కడ మొదటి ప్రశ్నకు జవాబు దొరకడమే కాదు, అది మూడో ప్రశ్నను కూడా తాకింది: జనం తాగుతున్నది మురుగునీరు. ఆ మాట చెప్పడం సాయమే.

తర్వాత టెలివిజన్ చర్చలో ఆయన చర్చి అద్భుతాలను ప్రచారం చేస్తోందని కూడా విమర్శించారు. భారత శిక్షాస్మృతి 295ఎ సెక్షన్ కింద, అంటే ఉద్దేశపూర్వకంగా, ద్వేషబుద్ధితో మతభావాలను గాయపరిచారంటూ, పలు పోలీసు స్టేషన్లలో ఫిర్యాదులు వచ్చాయి. ఆయన ఆ ఏడాదే ఫిన్లాండ్ వెళ్ళిపోయారు. 2024 జూలై 1 నుంచి అదే నిబంధన భారతీయ న్యాయ సంహితలో 299వ సెక్షన్‌గా ఉంది.

మీరు ఏ పక్షం వహించినా, రెండు మాటలను వేరు చేయగలగాలి. నీరు ఎక్కడిది అన్నది గోడను పరీక్షించి చెప్పిన మాట. చర్చి ఉద్దేశం ఏమిటన్నది గోడ చెప్పదు, దానికి వేరే ఆధారం కావాలి. మొదటి మాటకు ఉన్న బలాన్ని రెండోదానికి అరువివ్వడం సంశయవాదికి తగదు. ఇక ఫిర్యాదుదారుల వైపు చూస్తే, కాలువ పూడిందన్న మాటకు జవాబు కాలువను తవ్వి చూపడమే. కేసు పెట్టడం ఆ ప్రశ్నకు జవాబు కానే కాదు. విమర్శ మోతాదు మించిందని ఒప్పుకున్నా, దానికి మూల్యం దేశం విడవడం కాకూడదు.

మూల్యం ఇంకా పెద్దది కావచ్చు. మహారాష్ట్రలో మూఢనమ్మకాల వ్యతిరేక చట్టం కోసం ఏళ్ళ తరబడి పోరాడిన వైద్యుడు నరేంద్ర దాభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పుణెలో ఉదయపు నడకలో ఉండగా కాల్చి చంపారు. కొద్ది రోజులకే ఆ రాష్ట్రం ఆర్డినెన్సు తెచ్చింది, డిసెంబరులో శాసనసభ చట్టం చేసింది. ఆ చట్టాన్ని చదివితే ఒక విషయం కనిపిస్తుంది. అది పూజను, యాత్రను, ప్రదక్షిణను ముట్టుకోదు. దయ్యం వదిలిస్తానని కొట్టడం, నరబలి, పాము కరిచినవాడిని ఆసుపత్రికి పోనివ్వకుండా ఆపడం వంటి చేతలను పేరుపేరునా నేరాలుగా చూపుతుంది. ఎవరు ఏం నమ్ముతున్నారని అడగదు, ఇంకొకరికి ఏం చేశారని అడుగుతుంది.

అభ్యాసం

రాబోయే వారం రోజుల్లో మీ పత్రికలో వచ్చే ఒక వార్తను ఎంచుకోండి. అది ఒక ఆలయం గురించి కావచ్చు, ఒక కొత్త టానిక్ గురించి కావచ్చు, ఒక ఆసుపత్రి ప్రకటనలా కనిపించే వార్త కావచ్చు. అందులోని ప్రతి వాక్యం పక్కన, అది పరీక్షించదగిన మాటా, విశ్వాసపు మాటా, ‘ఇలా చేయాలి’ అనే మాటా అన్నది పెన్సిల్‌తో రాయండి. ఏ వాక్యం దగ్గర ఒకటి ఇంకోదానిలోకి జారిందో గుర్తు పెట్టండి. ఆ వార్తలో నమ్మకంతో మాట్లాడిన వ్యక్తి మీ ఎదురుగా కూర్చుని ఉంటే ఏం అడుగుతారో రెండు వాక్యాల్లో రాసి, మీ అధ్యయన కేంద్రంలో జరిగే తరగతికి తీసుకురండి.